చినుకు పడితే చేనంతా కళ్లే

తొలకరి వాన ఒకటి గట్టిగా కురిసి వెలిసిందంటే చాలు, అనంతపురం, కర్నూలు జిల్లాల సరిహద్దు పల్లెల్లో రెండు రకాల మనుషులు చేల దారి పడతారు. మొదటివాళ్లు రైతులు. పదును ఆరిపోకముందే గొర్రు కట్టి విత్తనం వేసుకోవాలన్నది వాళ్ల ఆత్రం. రెండోవాళ్ల దగ్గర ఎద్దులుండవు, విత్తనాలుండవు. చేతిలో సద్దిమూట, నీళ్లసీసా, తలకో తువ్వాలు. మెడ వంచి, చూపు నేలకు దించి, దుక్కి సాళ్ల వెంబడి అడుగులో అడుగేసుకుంటూ పోతుంటారు. ఎదురుపడితే ఒకటే పలకరింపు: ‘ఏమన్నా తగిలిందా అన్నా?’

కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి, మద్దికెర, పెరవలి. అనంతపురం వైపు వజ్రకరూరు. మే నెలాఖరు నుంచి ఆగస్టు దాకా ఈ ఊళ్ల పేర్లు పత్రికల జిల్లా పేజీల్లో ఏటా కనబడుతూనే ఉంటాయి. కడప, ప్రకాశం, బళ్లారి, తెలంగాణ జిల్లాల నుంచి కూడా జనం దిగుతారు. గుడి అరుగుల మీద, బడి వరండాల్లో, చింతచెట్ల కింద పడుకుని తెల్లారకముందే చేలోకి వెళ్తారు. మొగుడూ పెళ్లాలు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. కూలి పని మానుకుని, అప్పు చేసి బస్సెక్కినవాళ్లూ ఉంటారు.

దూరం నుంచి చూసేవాళ్లకు ఇదంతా అత్యాశలా కనబడుతుంది. టీవీ వాళ్లు తమాషాగా చూపిస్తారు. ఒక పూట వాళ్ల వెనక నడిస్తే ఆ మాట అనబుద్ధి కాదు.

వెతకడంలో ఒక పద్ధతి ఉంది. వాన పడుతున్నప్పుడు లాభం లేదు. వెలిశాక, పైమట్టి కొట్టుకుపోయి గులకరాళ్లు కడిగినట్టు బయటపడ్డాక చూడాలి. నడినెత్తి ఎండలో అన్ని రాళ్లూ ఒకేలా ఉంటాయి. పొద్దు వాలుగా ఉన్నప్పుడు, ఉదయమో సాయంత్రమో, కిరణం నేలను రాసుకుంటూ వచ్చేటప్పుడు మెరిసేది మెరుస్తుంది. చిక్కేమిటంటే ఆ నేల నిండా పలుగురాళ్లే. ప్రతి పలుగుముక్కా తళుక్కుమంటుంది. వంగి తీయాలి, పంచెకో కొంగుకో తుడవాలి, అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాలి, పారేయాలి. మళ్లీ వంగాలి. సాయంత్రానికి నడుము పట్టేస్తుంది.

చేలో దొరికే పచ్చి వజ్రం నగల కొట్టులోని వజ్రంలా ఉండదు. కోత పడలేదు కాబట్టి ఆ జిగేలు రాదు. మామూలుగా రెండు గోపురాలను అడుగులు కలిపి అతికించినట్టు ఎనిమిది ముఖాలుంటాయి. అంచులు కొంచెం అరిగి, పైన నూనె రాసినట్టు ఒక నునుపు. అదే సైజు పలుగురాయి కంటే బరువు: పలుగు నీటికి రెండున్నర రెట్లు పైచిలుకు తూగితే వజ్రం మూడున్నర రెట్లు తూగుతుంది. నీటి చుక్క వేస్తే పరుచుకోదు, బొట్టుగా నిలుస్తుంది. వజ్రానికి నీళ్లు గిట్టవు, జిడ్డు మాత్రం ఇట్టే అంటుకుంటుంది. గనుల్లో గ్రీజు పూసిన బల్లల మీదుగా నీళ్లతో కంకర పారించి వజ్రాల్ని పట్టుకునే పద్ధతి ఈ గుణం మీదే నడిచింది. ఇంకో గుర్తు, చల్లదనం. వేడిని అంత వేగంగా లాగేసుకునే రాయి మరొకటి లేదు. వ్యాపారి జేబులో పెన్నులా కనిపించే పరీక్ష యంత్రం కొలిచేది దాన్నే.

ఇప్పుడిప్పుడే కొందరు కుర్రాళ్లు ఆన్‌లైన్లో మెటల్ డిటెక్టర్ కొనుక్కుంటే పని సులువవుతుందేమోనని అడుగుతున్నారు. వాళ్లకు చెప్పాల్సింది ఒకటే: డబ్బు పారేసుకోవద్దు. ఆ యంత్రం కింద చట్రంలో తీగచుట్ట ఉంటుంది. దాంట్లో మారుతూ ఉండే విద్యుత్తు చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. నేలలో లోహముంటే దాంట్లోనూ చిన్న సుడి ప్రవాహాలు పుట్టి ఆ క్షేత్రాన్ని కదిలిస్తాయి. యంత్రం కూస్తుంది. వజ్రం లోహం కాదు, స్వచ్ఛమైన కార్బన్. దాంట్లో విద్యుత్తు పారదు. కోహినూరు మీద పెట్టినా ఆ తీగచుట్ట నోరు మెదపదు. పైగా సీమ ఎర్రనేలల్లో ఇనుము పాలు ఎక్కువ. అలాంటి నేలమీద మామూలు డిటెక్టర్ ఊరికే కూస్తూ ఉంటుంది. వజ్రానికి ఇవాల్టికీ మనిషి కన్నే దిక్కు.

లోహం వెతుక్కునే తీరం మనకు వేరే ఉంది. కాకినాడ పక్కన ఉప్పాడ. పట్టు, జరీ చీరలకు పేరున్న ఆ ఊరిని సముద్రం ఏళ్ల తరబడి కోసుకు తింటోంది. ఇళ్లు, గుళ్లు, వీధులకు వీధులే నీళ్లలో కలిసిపోయాయి. మనవాళ్లకు శంకుస్థాపన నాడు పునాదిలో పిసరంత బంగారమో వెండో వేసే ఆచారం ఉంది. గోడ కూలినా, రాయి కొట్టుకుపోయినా ఆ బంగారం ఎక్కడికీ పోదు. కెరటాలు దాన్ని ఇసుకలో దాచి, చలికాలపు తుపాన్లకు మళ్లీ ఒడ్డుకు తోస్తాయి. 2020 నవంబరులో నివర్ తుపాను వెళ్లిపోయాక ఉప్పాడ ఒడ్డంతా జనం. చలిగాలిలో మోకాళ్ల మీద కూర్చుని ఇసుక తోడుకుంటూ గోరంత బంగారు ముక్కల కోసం వెతికారు. వాళ్లలో ఎక్కువమంది మత్స్యకారులే. తుపానుకు వేట ఆగిపోయి, పడవలు ఒడ్డున పడి ఉన్న రోజులవి. ఇళ్లు మింగిన సముద్రం పిసరు తిరిగిస్తే ఏరుకోవడాన్ని ఎవరు తప్పు పడతారు?

సీమలో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగేవాళ్ల సంగతి అది కాదు. వాళ్లు పగలు రారు. పాడుబడ్డ కోటలు, ఊరి బయటి శివాలయాలు, వీరగల్లులు వాళ్ల గురి. నంది విగ్రహం కింద నిధి ఉందని, ధ్వజస్తంభం కింద బిందెలున్నాయని ఎవరో చెబితే రాత్రికి రాత్రి తవ్వేస్తారు. గుప్తనిధుల వేటగాళ్లు దొరికారని, వాళ్ల దగ్గర డిటెక్టర్లు, పూజ సామగ్రి స్వాధీనం చేసుకున్నారని అనంతపురం జిల్లా పేజీల్లో ఏళ్ల తరబడి చదువుతూనే ఉన్నాం. ఐదారు వందల ఏళ్లు ఎండకూ వానకూ ఆగిన నంది ఒక్క గడ్డపార పోటుకు రెండు ముక్కలవుతుంది. దానికి క్షమాపణ లేదు. నా మటుకు నాకు, పొద్దున్నే చేలో మెడ వంచుకు నడిచే కూలీనీ ఈ రాత్రి ముఠానీ ఒకే గాటన కట్టి ‘వేటగాళ్లు’ అనడమే అన్యాయం.

ఈ గుప్తనిధుల పిచ్చి మామూలు జనానికే పరిమితం కాలేదు. 2017 డిసెంబరులో తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో సాక్షాత్తు ప్రభుత్వ అనుమతితోనే నిధి కోసం తవ్వకాలు మొదలయ్యాయి. ఊరివాళ్లు అడ్డం తిరిగారు, ప్రతిపక్షాలు నిలదీశాయి, చలికాలమంతా అదే వార్త. వారాల తరబడి తవ్వితే ఇటుకలు, ఎముకలు బయటపడ్డాయి. నిధి మాత్రం లేదు. కోటను చరిత్రగా చూసి పురావస్తు శాస్త్రవేత్తలు చేయవలసిన పనిని లంకెబిందెల వేటగా మార్చడం ప్రభుత్వానికి తగని పని.

నిజానికి భూమిలో దొరికే నిధికి మనకు చాలా పాత చట్టమే ఉంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం. పది రూపాయల విలువ దాటినది ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలి. విచారణలో దానికి యజమాని లేడని తేలి, దొరికినవాడికీ భూమి యజమానికీ వేరే ఒప్పందం లేకపోతే, ముప్పావు వంతు దొరికినవాడిది, పావు వంతు భూమి యజమానిది. కలెక్టరు దాన్ని ప్రభుత్వం కోసం తీసుకోదలిస్తే లోహం విలువ మీద ఇంకో ఐదో వంతు కలిపి చెల్లించాలి. దాచిపెడితే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా. దొరికినవాడిని దొంగగా చూడకుండా వాటాదారుగా చూసిన చట్టం అది. ఈ లెక్కతో మళ్లీ పని పడుతుంది.

అసలు ఈ నేలలో వజ్రాలెందుకున్నాయి? వజ్రం పుట్టేది మన కాళ్ల కింద నూటయాభై కిలోమీటర్లకు పైబడిన లోతులో. అక్కడినుంచి దాన్ని పైకి తెచ్చేది కింబర్లైటు అనే అగ్నిశిల. 1870లలో వజ్రాల కోసం జనం వెల్లువెత్తిన దక్షిణాఫ్రికా పట్టణం కింబర్లీ పేరే ఆ రాతికి పెట్టారు. సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట మన పీఠభూమిని చీల్చుకుంటూ ఆ శిల పైకి తన్నుకొచ్చి, నిలువు గొట్టాల ఆకారంలో గడ్డకట్టింది. వాటినే పైపులంటారు. భూగర్భ శాస్త్రవేత్తలు వజ్రకరూరు క్షేత్రంగా పిలిచే ఈ ప్రాంతంలో వజ్రకరూరు, లత్తవరం, కళ్యాణదుర్గం, తిమ్మసముద్రం గుంపులతో పాటు మరొకటి కూడా ఉంది: చిగిచెర్ల. ధర్మవరం మండలంలోని ఆ ఊరు మన బత్తలపల్లెకు ఇరుగే. పైపు ఉన్నంత మాత్రాన వజ్రాలున్నట్టు కాదు. వాటిలో ఉత్తవే ఎక్కువ. ఉన్నచోట కూడా టన్నుల కొద్దీ రాయి పిండి చేస్తే కాస్తంత దక్కుతుంది. క్యారెట్ అంటే గ్రాములో ఐదో వంతు, అంతే. కోట్ల ఏళ్ల వానలు ఆ పైపుల తలలను అరగదీశాయి. వాగులు ఆ కంకరను మోసుకుపోయి పల్లాల్లో పరిచాయి. ఇవాళ తొలకరికి బయటపడేవి అలా చెదిరిన గింజలే.

ఇది నిన్నటి మొన్నటి సంగతి కూడా కాదు. 16వ శతాబ్దంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు వ్యాపారి ఫెర్నావో నునిజ్ రాతల్లో సీమ వజ్రాల గనుల ప్రస్తావన ఉంది. గనులు ఒక నాయకుడికి గుత్తకిచ్చారట. ఇరవై మంజాళ్ల బరువు దాటిన ప్రతి వజ్రమూ రాయల ఖజానాకు చేరాలన్నది షరతు. తర్వాతి శతాబ్దంలో కృష్ణ ఒడ్డున కొల్లూరు గనికి వెళ్లిన ఫ్రెంచి నగల వ్యాపారి తావెర్నియే అక్కడ అరవై వేల మంది దాకా పనిచేస్తున్నారని రాశాడు. 1720లలో బ్రెజిల్లో వజ్రాలు బయటపడే దాకా ప్రపంచానికి వజ్రాలంటే చాలావరకు మన నేలే. ఆ తర్వాత మన గనులు వెలవెలబోయాయి. అయినా 19వ శతాబ్దం చివర్లో వజ్రకరూరులో 67 క్యారెట్ల పైచిలుకు పచ్చి వజ్రం దొరికింది. మద్రాసు నగల కంపెనీ పి. ఓర్ అండ్ సన్స్ చేతికి వెళ్లి, సానపట్టాక 24 క్యారెట్లకు పైగా తూగింది. 1905లో అచ్చయిన అనంతపురం గెజిటీరులో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ వజ్రకరూరు రాళ్ల గురించి రాసే నాటికే వాన వెలిశాక చేలల్లో వెతకడం అక్కడివాళ్లకు అలవాటైన పని. రాయల కాలంలో పెద్ద రాయి రాయలదని అందరికీ తెలుసు. ఇప్పుడు ఎవరిదో తేల్చి చెప్పేవాళ్లే కరువయ్యారు.

మళ్లీ చేలోని మనిషి దగ్గరికి వద్దాం. అనంతపురం పీఠభూమికి ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా దీన్నే చెబుతారు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్యం తూర్పున కోస్తాలోనే చాలావరకు ఖాళీ అయిపోతుంది. ఆ కొంచెం వాన మీద ఆధారపడి తరాలుగా చెనక్కాయ వేశారు. వాన ఒకటి తప్పినా చెట్టుకు ఊడలు దిగవు, ఊడలు దిగినా కాయ నిండదు. బత్తలపల్లె చుట్టుపక్కల బోరున్నవాళ్లు టమోటా, మామిడి వైపు మళ్లారు. లేనివాళ్లు బెంగళూరు బస్సెక్కారు. 1969 నుంచి ఈ జిల్లాలో పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ బత్తలపల్లెలో పెద్దాసుపత్రి కట్టిందంటే కరువు పల్లెల అవసరం ఎంతటిదో అర్థమవుతుంది. వరుసగా పంట పోయిన ఇంట్లో, పొద్దంతా వంగి వెతికితే ఒక రాయి దొరకొచ్చునన్న మాట ఊరికే కొట్టిపారేసేది కాదు. చెనక్కాయ వేయడం కూడా ఆ నేలలో అంతకంటే గ్యారంటీ ఉన్న పందెమేమీ కాదు.

దొరికిన రోజు ఏమవుతుంది? ఇక్కడే నా బాధంతా. దొరికినవాడు కేక వేయడు. రాయి నోట్లోనో నడుములోనో పెట్టుకుని ఏమీ జరగనట్టు నాలుగడుగులు వేస్తాడు. చేను గలాయనకు తెలిస్తే వాటా, పక్కవాడికి తెలిస్తే తగాదా, పోలీసుకు తెలిస్తే రాయే పోతుందన్న భయం. చీకటి పడ్డాక తెలిసినవాడి ద్వారా వ్యాపారి దగ్గరికి వెళ్తాడు. చుట్టుపక్కల ఊళ్లలో వర్తకుల మనుషులు సీజనంతా కాచుకునే ఉంటారు. బరువు వాళ్ల త్రాసులో, రంగు వాళ్ల కంటిలో, మచ్చలు వాళ్ల భూతద్దంలో. ధర కూడా వాళ్ల నోటనే. 2021లో చిన్నజొన్నగిరిలో ఒక రైతుకు 30 క్యారెట్ల వజ్రం దొరికిందని, కోటీ ఇరవై లక్షలకు ఒక వ్యాపారి కొన్నాడని వార్తలొచ్చాయి. అది బయటికొచ్చిన కథ. గుప్పెడు వేలకో, తులం బంగారానికో చేతులు మారిన రాళ్ల కథలు బయటికి రావు. ఆ వజ్రం బరువెంతో, ఎక్కడ సానపట్టారో, ఎంతకు అమ్ముడైందో అమ్మిన మనిషికి జన్మలో తెలియదు. ప్రభుత్వానికీ పైసా రాదు.

ఇదే దేశంలో ఇంకోచోట ఇలా లేదు. మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లాలో ప్రభుత్వ రంగ సంస్థ ఎన్ఎండీసీ వారి మఝ్‌గవాఁ వజ్రాల గని ఉంది. దాంతో పాటు మామూలు మనుషులకూ దారి ఉంది. ఏడాదికి రెండు వందల రూపాయలు కట్టి ఎనిమిది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు ముక్క పట్టా తీసుకోవచ్చు. తవ్వుకోవచ్చు. వజ్రం దొరికితే పన్నా పట్టణంలోని వజ్రాల కార్యాలయంలో జమ చేయాలి. అక్కడ తూకం వేసి, రసీదిచ్చి, అందరి ముందు వేలం పాడతారు. పన్నెండు శాతం దాకా రాయల్టీ, పన్నులు మినహాయించుకుని మిగతాది దొరికినవాడికే. 2018లో ఒక కూలీకి దొరికిన 42.59 క్యారెట్ల వజ్రం ఆ వేలంలో రెండు కోట్ల 55 లక్షలకు పోయింది. రాయికీ రాయికీ నాణ్యత వేరు కాబట్టి జొన్నగిరి ధరతో పోల్చకూడదు. పోల్చవలసింది అమ్మకం జరిగిన తీరును. పన్నా కూలీ తన రాయిని పదిమంది కొనుగోలుదారుల ముందు పెట్టగలిగాడు. మన కూలీ ఒక్కడి ముందు, తలుపు వేసిన గదిలో చేయి చాచాడు.

పన్నా పద్ధతిలో లోపాలు లేవని కాదు. వేలం దాకా నెలల తరబడి ఆగలేక అక్కడా చాటుగా అమ్ముకునేవాళ్లున్నారు. గుంతల్లో నలిగిపోయే కూలీల బతుకు ఏమంత గొప్పగా లేదు. మన దగ్గర భూమి పరిస్థితి కూడా వేరు: ఇవి పట్టా చేలు, పంట వేసుకునే నేలలు. ఇక్కడ తవ్వకానికి పట్టాలు ఇవ్వడం మొదలుపెడితే ఉన్న నాలుగు చేలూ గుంతలవుతాయి. కాబట్టి పన్నా నుంచి తెచ్చుకోవలసింది తవ్వకం కాదు, ఆ కార్యాలయం.

రైతు గోడు కూడా వినాలి. ఒక్క తళుకు కోసం వందమంది చేలో దిగితే వేసిన విత్తనం కాళ్ల కింద పడి చితికిపోతుంది, గట్లు తెగుతాయి. మా చేలోకి రావొద్దంటూ కొందరు బోర్డులు పెట్టుకున్నారు, కొందరు కాపలా కాస్తున్నారు. తన చేలో దొరికిన రాయి మీద తనకు హక్కు లేదా అన్న రైతు ప్రశ్నకు పైన చెప్పిన పాత చట్టంలోని ముప్పావు, పావు లెక్క ఒక దారి చూపిస్తుంది. అది దాచిన నిధుల కోసం రాసిందే కావచ్చు. కానీ వెతికినవాడి కష్టానికీ, నేల గలవాడి హక్కుకూ ఒకే కాగితం మీద చోటివ్వొచ్చునని అది నూటనలభై ఏళ్ల కిందటే ఒప్పుకుంది. గనుల చట్టాల చట్రంలో అలాంటి వాటాను రాసుకోవడం ప్రభుత్వం తలచుకుంటే కాని పని కాదు.

కాబట్టి గనుల శాఖకు ఈ పత్రిక ముఖంగా ఒక విన్నపం. గుంతకల్లులోనో గుత్తిలోనో ఒక వజ్రాల కార్యాలయం తెరవండి. మే నుంచి సెప్టెంబరు దాకా తెరిచి ఉంచినా చాలు. ఒక నమ్మకమైన త్రాసు, రాయిని గుర్తుపట్టే ఒక మనిషి, తూకం రాసిన రసీదు, నెలకోసారి బహిరంగ వేలం. రాయి తెచ్చినవాడిని ఎక్కడిది, ఎలా వచ్చిందని బెదిరించకుండా, వేలం సొమ్ములో దొరికినవాడి వాటా, రైతు వాటా, ప్రభుత్వ రాయల్టీ విడివిడిగా బ్యాంకు ఖాతాల్లో వేయండి. చీకటి బేరాలు ఒక్క ఏడాదిలో ఆగిపోవు. రెండో చోట ధర కనుక్కునే వీలుందని తెలిస్తే మొదటి వ్యాపారి కూడా ధర పెంచక తప్పదు.

ఈ తొలకరికి వెళ్లబోతున్నవాళ్లకూ ఒక మాట. చేలోకి దిగేముందు రైతును అడగండి. విత్తనం పడిన సాలు తొక్కకండి. రాయి దొరికితే ముందు తూకం వేయించుకుని, ఫొటో తీసి పెట్టుకుని, కనీసం ముగ్గురికి చూపించాకే ధర మాట్లాడండి. మొదట అడిగినవాడికి ఇచ్చేయకండి.